అన్నం ఎవరైనా పెడతారు, కాయితం ఎవరు రాస్తారు?

ఈ వారం స్టూడియో లేదు, లైట్లు లేవు, రెండో కెమెరా కూడా లేదు. మా ఊళ్ళో, మా డాబా మీద కూర్చుని ఫోన్లో రికార్డ్ చేస్తున్నా. వెనకాల కనిపిస్తున్న కొండ గరుడాద్రి. అక్కడ మా వెంకన్న గుర్రమెక్కి ఉంటాడు. అనకాపల్లి జిల్లా, నక్కపల్లి మండలం. బోర్డు మీద ఉపమాక, మా నోట్లో ఉప్మాక. ఉప్మా జోకులన్నీ బీటెక్ నాలుగేళ్ళలో నా రూమ్మేట్స్ వాడేశారు, కామెంట్లో కొత్తగా ట్రై చేయకండి. ఇవాళ శనివారం కదా, మధ్యలో గుడి మైకు వినిపిస్తుంది. ఎడిట్ చేయను, ఉండనివ్వండి.

ఈరోజు టాపిక్ కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. పేదవాళ్ళకి ఇచ్చేదాంట్లో ప్రభుత్వం కోత పెట్టినప్పుడు, దేవుడి పేరు చెప్పుకునే మనుషులు, అంటే పూజారులు, పాస్టర్లు, స్వాములు, భక్తులు, నోరు విప్పొచ్చా? విప్పితే ఎలా విప్పాలి? ఇది నాకు థియరీ కాదు. మా ఇంట్లో జరిగింది.

మా చిన్నమావయ్యకి ఎడమకాలు పోలియో. టైలరింగ్ చేస్తాడు. కుట్టుమిషన్ కుడికాలితోనే తొక్కుతాడు, బ్లౌజు మాత్రం మండలంలో ఎవరూ అంత బాగా కుట్టరు. దివ్యాంగుల పెన్షన్ వస్తుంది. 2024లో అది 3 వేల నుంచి 6 వేలు అయింది. ఆ రోజు మావయ్య మా అందరికీ కాజాలు కొన్నాడు. తర్వాత 2025లో రాష్ట్రమంతా ఆ పెన్షన్లకి మళ్ళీ వైద్య పరీక్షలు పెట్టారు. ఆగస్టులో వేలమందికి నోటీసులొచ్చాయి, మీ వైకల్యం 40 శాతం కన్నా తక్కువ అని. మావయ్యకీ వచ్చింది.

ఇక్కడ ఒక్క మాట న్యాయంగా చెప్పుకోవాలి. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి, అబద్ధం కాదు. బుల్లెట్ బండి మీద తిరుగుతూ పెన్షన్ తీసుకునే ఓ పెద్దమనిషి నాకే తెలుసు. వాళ్ళని ఏరేయాలి, ఒప్పుకుంటా. కానీ నేను ఐదేళ్ళు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేశాను, ఏ ఫిల్టర్ పెట్టినా రెండు రకాల తప్పులొస్తాయని నాకు తెలుసు. దొంగని వదిలేయడం ఒకటి, దొర దొరికిపోవడం ఇంకోటి. మొదటి తప్పుకి ఖజానాలో డబ్బు పోతుంది. రెండో తప్పుకి మా మావయ్య ఇంట్లో గ్యాస్ బండ ఆగిపోతుంది. మావయ్యని పరీక్ష చేసిన చోట మూడు నిమిషాలు కూడా పట్టలేదట. ప్యాంటు పైకి లాగమన్నారు, చూశారు, వెళ్ళమన్నారు.

ఆ వారమే శ్రావణ శనివారం. కొండ కింద ఎవరో భక్తులు భోజనాలు పెట్టారు. నేనూ మావయ్యా పక్కపక్కన కూర్చున్నాం. పులిహోర, పప్పు, గుమ్మడికాయ పులుసు. వడ్డించే అబ్బాయి "ఇంకొంచెం ఏస్కో మావా" అని నాలుగుసార్లు వచ్చాడు. నాలుగోసారి అతను వెళ్ళాక మావయ్య నా వైపు తిరిగి అన్నాడు: "ఒరే అల్లుడూ, ఆకలేస్తే అన్నం ఎవులైనా పెడతారు రా. కాయితం ఎవులు రాస్తారు?"

నేను బీటెక్. వీడియోలకి వారానికి మూడు వేల పదాల స్క్రిప్ట్ రాస్తాను. నాకు ఆ మాట చురుక్కుమంది. కానీ నిజం చెప్పాలంటే ఆ వారం ఎపిసోడ్ డెడ్‌లైన్ ఉంది, ఆదివారం రాత్రి బస్సెక్కేశాను.

కాయితం రాసింది ఎవరో తెలుసా? పక్క పల్లెలో చర్చి పాస్టర్ గారు. రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, పాత ల్యాప్‌టాప్, ఇంకు అయిపోతూ ఉండే ప్రింటర్. నోటీసులొచ్చిన వాళ్ళందరినీ రమ్మన్నారు. చర్చికొచ్చే వాళ్ళూ వచ్చారు, రానివాళ్ళూ వచ్చారు. పాత సర్టిఫికెట్, ఆధార్, ఆస్పత్రి చీటీలు అన్నీ కలిపి ఒక్కొక్కరికి అప్పీలు కాయితం తయారు చేశారు. అంతటితో ఆగలేదు. సోమవారం గ్రీవెన్స్‌కి మూడు ఆటోల్లో అందరినీ తీసుకెళ్ళి, విడివిడి అర్జీలతో పాటు ఒక ఉమ్మడి అర్జీ కూడా ఇచ్చారు. మళ్ళీ పరీక్ష దగ్గర ఊళ్ళో పెట్టండి, మనిషికి తగినంత టైమివ్వండి, తేలేవరకు పెన్షన్ ఆపకండి. మూడు ముక్కలు, అంతే. రాష్ట్రంలో చాలా చోట్ల దివ్యాంగులు రోడ్డెక్కడంతో, అప్పీలు చేసుకోవచ్చు, ఈలోగా పెన్షన్ ఆగదు అని ప్రభుత్వం కూడా చెప్పింది.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. కానీ ఆ షెడ్డులో ఎవరో కుర్రాడు ఫోటో తీశాడు. మావయ్య కుర్చీలో కూర్చున్నాడు, వెనకాల గోడకి సిలువ బ్యానరు. ఫోటో మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కింద ఒకడు రాశాడు, "పెన్షన్ కోసం మతం మారిపోనాడు." ఇంకొకడు నవ్వు ఎమోజీ. రెండు రోజుల్లో మా మరదలికి చూస్తున్న సంబంధం వాళ్ళు ఫోన్ చేసి, "ఏటి, ఏదో విన్నాం" అన్నారు. మా అమ్మమ్మ అన్నం మానేసింది. ఫ్రెండ్స్, ప్రతి శనివారం కొండెక్కలేక కింద మెట్టుకే దండం పెట్టుకొచ్చే మనిషి మా మావయ్య. ఆ రాత్రి నేను గ్రూపులో రాసిన మెసేజ్ ఇక్కడ చదవలేను, యూట్యూబ్ ఒప్పుకోదు.

పాస్టర్ గారి మీద కూడా నాకు కోపం వచ్చింది. నేరుగా వెళ్ళి అడిగాను. "ఫోటో మా కుర్రాడే తీశాడు బాబూ, తప్పే. తీయించేశాను" అన్నారు. మావయ్యని ప్రార్థనకి రమ్మన్నారా అని అడిగాను. "రమ్మనలేదు. ఈ పని అయ్యేవరకు ఎవరినీ రమ్మనకూడదని మాలో మేం అనుకున్నాం. రమ్మంటే మీ మావయ్యకి మేం చేసింది సాయం అవదు, బేరం అవుతుంది." ఆయన మీద నాకున్న అనుమానం మొత్తం పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. కానీ ఆ "బేరం" అనే మాట పట్టుకుని ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. నూట యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయాను.

ధాత కరువు పేరు విన్నారా? 1876 నుంచి 78 దాకా. కర్నూలు, బళ్ళారి, కడప, నెల్లూరు వైపు ఘోరంగా కొట్టింది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. మద్రాసు ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. మట్టి తవ్వితే కూలీ, ఇప్పటి ఉపాధి హామీకి తాతముత్తాత అనుకోండి. ఖర్చు పెరిగిపోతోందని వైస్రాయ్ లిట్టన్‌కి కంగారు. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపించాడు. ఈ టెంపుల్ కథ విచిత్రం. అంతకు మూడేళ్ళ ముందు బీహార్, బెంగాల్ వైపు కరువొస్తే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. చావులు చాలా తక్కువ. దానికి మెచ్చుకోవాలి కదా? దుబారా చేశావని తిట్టారు. అందుకని ఈసారి మద్రాసు వచ్చి బాగా పొదుపు చేశాడు. మగ కూలీకి రోజుకి పౌనున్నర ధాన్యం, అంటే దాదాపు 680 గ్రాములకి సరిపడే కూలీని ఒక్క పౌనుకి, 454 గ్రాములకి దించేశాడు. చరిత్రలో దాని పేరే 'టెంపుల్ వేజ్'. మట్టి తవ్వే మనిషికి! పైగా దాన్ని 'ప్రయోగం' అన్నాడు. మనం కొత్త కోడ్‌ని ముందు స్టేజింగ్‌లో టెస్ట్ చేస్తాం. ఆయన డైరెక్ట్‌గా ప్రొడక్షన్‌లో, బతికున్న మనుషుల మీద టెస్ట్ చేశాడు.

దీనికి ఎదురు మాట్లాడినవాళ్ళు ఉన్నారు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ప్రభుత్వ ఉద్యోగి అయ్యుండి కూడా, ఈ తిండితో కష్టం చేసే మనిషి బతకడు అని కాయితం మీద కాయితం రాశాడు. కొన్ని నెలలకి కూలీ కొంత పెంచక తప్పలేదు. కానీ ఆలోపు జరగాల్సింది జరిగిపోయింది. ఆ కరువులో పోయినవాళ్ళ లెక్క లక్షల్లో ఉంటుంది.

ఇప్పుడు ఒంగోలు వెళ్దాం. అక్కడ జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు, 1866లో వచ్చాడు. ఒంగోలు వాళ్ళు క్లౌ దొర అంటారు. ఈ క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే పని చేశాడు. గొలుసులు పట్టుకుని కొలతలు వేసినవాడు. ఇంజనీరింగ్ వదిలేసి మాటలు చెప్పుకునే పనిలోకి వచ్చిన ఇంకో మనిషి, నాకు వెంటనే నచ్చేశాడు. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు ఎక్కువగా మాదిగలు. ప్రభుత్వ కరువు శిబిరాల్లో వాళ్ళ బతుకు అన్యాయంగా ఉండేది. తిట్లు, దెబ్బలు, రోగాలు. వెళ్ళడానికే భయపడేవాళ్ళు. అప్పుడు క్లౌ విరాళాలు అడిగి గంజి పోసి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వుతున్న ప్రభుత్వం దగ్గరికెళ్ళి, ఆ పనిలో మూడున్నర మైళ్ళ ముక్క నాకు కాంట్రాక్టుకివ్వండి అని అడిగాడు. కొలతలు వేయడం ఆయనకి చేతనైన పనే కదా. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది అక్కడికొచ్చి తవ్వారు. తిట్టేవాడు లేడు, కూలీ ఎగ్గొట్టేవాడు లేడు.

నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇది. కరువు నడిచినన్నాళ్ళు, పదిహేను నెలల పాటు, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడుగుతున్నారు. ఆయన బోధకులే ఒత్తిడి చేస్తున్నారు. అయినా ఆపేశాడు. బియ్యం కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు అన్నట్టు. కరువు తగ్గి, పంచిపెట్టడానికి తన దగ్గర ఇంకేం లేదని చెప్పాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న, గుండ్లకమ్మ నదిలో, ఒక్క రోజులో 2,222 మంది. ఈ నంబరు ప్రపంచమంతా మోగిపోయింది. ఆ పదిహేను నెలల సున్నా గురించి మాత్రం ఎవరూ పోస్టర్ వేయరు. నాకు మాత్రం ఆ సున్నాయే పెద్ద నంబరు.

కామెంట్లో అడిగేస్తారని తెలుసు, నేనే చెప్పేస్తా. "బ్రో, ఆకలప్పుడు అన్నం పెట్టినవాడి మతంలోకి తర్వాత వెళ్ళినా అది బేరమే కదా?" మంచి ప్రశ్న. పూర్తిగా విడదీయలేం. కృతజ్ఞత అనేది ఉంటుంది మరి. కానీ ఇంకో వైపు కూడా చూడండి. కరువుకి ముందే ఆ ప్రాంతంలో వేలమంది మాదిగలు అటు నడిచారు, ఎర్రగుంట్ల పేరయ్య లాంటి వాళ్ళ వెంట. వాళ్ళకి బియ్యం కన్నా పెద్ద లెక్కలున్నాయి. నిన్ను ఊరి బయట పెట్టినవాడు నీ బుర్ర కూడా బయట పెట్టాడని అనుకుంటే ఎలా?

ఇది క్రైస్తవుల కథ మాత్రమే అనుకోకండి. మన ఉత్తరాంధ్రలోనే, శ్రీకాకుళంలో 1939లో పుట్టిన వేపా శ్యామ్‌రావు అనే ఆయన ఆర్యసమాజ సన్యాసి అయ్యాడు. మీకు స్వామి అగ్నివేశ్‌గా తెలుసు. కాషాయం కట్టుకుని హర్యానాలో విద్యామంత్రి దాకా వెళ్ళాడు. తర్వాత ఫరీదాబాద్ రాతి క్వారీల్లో వెట్టి కూలీల గురించి బంధువా ముక్తి మోర్చా తరఫున సుప్రీంకోర్టుకి ఉత్తరం వెళ్ళింది, 1982లో. వెట్టిని రద్దు చేస్తూ 1976లోనే చట్టం ఉంది, అమలు లేదు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1983 డిసెంబరులో తీర్పిచ్చింది. మళ్ళీ చూడండి, కాయితమే. ఆయన మిగతా మాటలతో మీకు పేచీ ఉండొచ్చు, నాకూ కొన్ని ఉన్నాయి. కానీ ఆ క్వారీ కూలీలు ఏ గుడికి వెళ్తారని ఆయన అడగలేదు.

అమెరికాలో ఉన్న సబ్‌స్క్రైబర్స్ చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడిది కూడా ఒకటి. 2012లో పాల్ రయాన్ అనే కాంగ్రెస్ సభ్యుడు పేదల ఫుడ్ స్టాంపులు, వైద్యం లాంటివాటిలో భారీ కోతలతో బడ్జెట్ పెట్టాడు. ఆయన కాథలిక్. సిస్టర్ సిమోన్ క్యాంప్‌బెల్ అనే నన్, ఇంకొందరు నన్స్ కలిసి ఒక బస్సెక్కి, అయోవా నుంచి వాషింగ్టన్ దాకా తొమ్మిది రాష్ట్రాలు తిరిగారు. దారిలో రయాన్ సొంత ఊళ్ళో ఆఫీసుకి కూడా వెళ్ళారు. బస్సు పేరు 'నన్స్ ఆన్ ద బస్'. అదే ఏడాది వాటికన్ నుంచి వాళ్ళ సంస్థ మీద మందలింపు ఉంది. అంటే ప్రభుత్వాన్నీ అడిగారు, ఇంట్లోవాళ్ళ చేతా తిట్లు తిన్నారు. గెలిచారా? ఆ బడ్జెట్ అప్పటికి చట్టం కాలేదు. 2025 జులైలో ఇంకో చట్టం వచ్చి ఫుడ్ స్టాంపుల్లో పెద్ద కోతే పెట్టింది. అంతకుముందు ఏప్రిల్‌లో ఆ కోతలొద్దని వాషింగ్టన్ క్యాపిటల్ భవనంలో ప్రార్థన చేసినందుకు విలియం బార్బర్ అనే పాస్టర్‌ని అరెస్టు చేశారు. అడిగిన ప్రతిసారీ దొరకదు.

సరే, మళ్ళీ డాబా మీదకి వద్దాం. మావయ్య అడిగింది కొండ కింద కూర్చుని కదా. మరి మా వైపు నుంచి ఎవరూ ఎందుకు రాయలేదు? మా భజన బృందం కుర్రాళ్ళ గ్రూపులో ఇదే అడిగాను. ఒకడు "గుడికి రాజకీయాలెందుకు" అన్నాడు. ఇంకొకడు, వాడు లా చదువుతున్నాడు, నాకు తట్టని విషయం చెప్పాడు. "అన్నా, మన రాష్ట్రంలో పెద్ద గుళ్ళు ఏవి తీసుకున్నా దేవాదాయ శాఖ కిందో టీటీడీ కిందో ఉంటాయి. పాలకమండలిని వేసేది ప్రభుత్వమే. పూజారి గారు ప్రభుత్వానికి అర్జీ రాయడమంటే, నీ మేనేజర్ మీద నువ్వు హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టినట్టు. పాస్టర్ గారికి ఆ బెడద లేదు." కరెక్టే కదా! గుడి రాయలేదని తిట్టేముందు గుడి చేతులు ఎవరి దగ్గరున్నాయో చూడాలి. అంటే ఇక్కడ రాయాల్సింది గుడి కాదు, భక్తులు. భోజనాలకి చందాలేసేది, వడ్డించేది ఎవరు? మేమే. పులిహోరకి ఎవరి పర్మిషన్ అడగలేదు కదా, కాయితానికి ఎందుకు అడగడం?

ఇంకో సంగతి. అన్నదానం నాకు చిన్నచూపు కాదు. నేను తిన్నాను, మళ్ళీ తింటాను. కానీ పెట్టేవాడికి పుణ్యం, తినేవాడికి కడుపు నిండడం, ఫోటోకి లైకులు, అందరూ హ్యాపీ. అర్జీ అలా కాదు. అవతల కుర్చీలో ఉన్నవాడికి కోపం రావొచ్చు. ఊళ్ళో ఏ పార్టీ మనిషివని అడుగుతారు. మీ మతం పెంచుకోడానికే అంటారు. ఆ మాట రాకుండా ఉండాలంటే, నాకు కనిపించినంతలో దారి ఒకటే. అందరికోసం అడగాలి, దానికి బదులు మన దేవుడి ఖాతాలో ఏమీ వేసుకోకూడదు. క్లౌ సున్నా లాగా.

మావయ్య అప్పీలు ఇంకా తేలలేదు. మళ్ళీ పరీక్షకి తేదీ రావాలి. ఈలోగా పెన్షన్ వస్తోంది, ఒకటో తారీఖు వచ్చేదాకా ఆయనకి నిద్ర పట్టదు. మరదలి సంబంధం వాళ్ళు మళ్ళీ మాట్లాడుతున్నారు, మంచివాళ్ళే పాపం. వాట్సాప్ గ్రూపులో రాసినవాడు సారీ చెప్పలేదు. వాళ్ళ నాయనమ్మకి వితంతు పెన్షన్ ఆగిందట, నిన్న మావయ్య దగ్గరికొచ్చి, "మావా, ఆ కాయితం ఎలా రాయాలి" అని అడిగాడు. మావయ్య తిట్టలేదు. కుర్చీ వేశాడు.

వచ్చే శనివారం నుంచి మేం నలుగురం ఒక టేబుల్ పెడుతున్నాం. కొండ కింద కాదు, చర్చి షెడ్డులోనూ కాదు, రోడ్డు పక్కన వేపచెట్టు కింద. పాస్టర్ గారు ప్రింటర్ ఇస్తామన్నారు, ఇంకు మనదే. అప్పీలు కాయితానికి ఏమేం జత చేయాలో ఆ లిస్టు ఈ వీడియో కింద పెడతాను. మీ ఊళ్ళో ఎవరికైనా ఏదైనా ఆగిపోతే ఏం ఆగిందో కామెంట్లో రాయండి, వాళ్ళ పేర్లూ ఫోన్ నంబర్లూ మాత్రం పెట్టకండి, ప్లీజ్. టేబుల్ మీదకి గుడ్డ మావయ్యే కుడుతున్నాడు. మిగిలిపోయిన బ్లౌజు ముక్కలన్నీ కలిపి కుడుతున్నాడంట, రంగులు కొంచెం ఎక్కువగానే ఉంటాయి. ఉంటాను మరి, కింద నుంచి అమ్మ పిలుస్తోంది.